మూడు అక్షరాల పొదుపు

హాస్కెల్ అని ఒక ప్రోగ్రామింగ్ భాష ఉంది. అందులో ఎవడు తక్కువ అక్షరాలతో ప్రోగ్రాం రాస్తాడో చూసే పోటీలు ఇంటర్నెట్‌లో జరుగుతుంటాయి. మూడేళ్ళు నేను వాటిలో పడి దొర్లాను. ఇప్పుడు తలుచుకుంటే రోత పుడుతుంది. అప్పుడు మాత్రం అదేదో తపస్సన్నట్టు చెప్పుకునేవాణ్ణి. ఖాళీ జాగా కనిపిస్తే చెరిపేసేవాణ్ణి, పేర్లన్నీ కత్తిరించి ఒంటి అక్షరాలు చేసేవాణ్ణి. రాసింది మర్నాటికి నాకే అర్థమయ్యేది కాదు. దానికీ మురిసిపోయేవాణ్ణి. గోదావరిఖనిలో మా కిటికీ మీద బొగ్గు దుమ్ము వేలెడు పేరుకున్నా తుడవని మనిషిని, ప్రోగ్రాంలో ఒక్క కామా ఎక్కువుందని అన్నం చల్లారిపోయేదాకా కూర్చునేవాణ్ణి.

మా బావ, అంటే అక్క భర్త, కమాన్‌పూర్ వైపు ఒక ఓపెన్‌కాస్ట్ గనిలో కాంట్రాక్టరు దగ్గర పంపు నడుపుతాడు. గుంత అడుగున చేరే నీళ్ళు తోడెయ్యడం ఆయన డ్యూటీ. అక్కడ బొగ్గు మీది బండను మందు పెట్టి పేలుస్తారు. పేల్చేముందు లోపల ఒక్క మనిషి ఉండకూడదు. అందుకని గుంతలోకి దిగేవాళ్ళు గేటు దగ్గర తమ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తారు. గేటు చూసుకునే ముసలి కాక దాన్ని బోర్డు మీది మేకుకు తగిలిస్తాడు. పైకొచ్చినవాళ్ళు ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుంటారు. మేకులన్నీ ఖాళీ అయ్యాకే కాక జెండా ఊపుతాడు, అప్పుడు సైరన్ మోగుతుంది.

కాంట్రాక్టరుకు ఈ పని కంప్యూటర్‌లో జరగాలనిపించింది. "మా బామ్మర్ది చేస్తడు సార్, వానంత పోటుగాడు లేడు" అని బావే పొగిడి నన్ను ఇరికించాడు.

దిగినవాళ్ళ జాబితా ఒకటి, ఎక్కినవాళ్ళ జాబితా ఒకటి. లోపల ఎవరు మిగిలారో చూపించాలి, అంతే. తిన్నగా చేస్తే ఒక్కో ఎక్కడానికి ఒక్కో దిగడం కొట్టెయ్యాలి. నేను అలా చెయ్యలేదు. ఎక్కినవాళ్ళ జాబితాలో ఒక్కసారైనా కనిపించిన నంబరును మొత్తానికే తీసేశాను. అలా రాస్తే మూడక్షరాలు తగ్గుతాయి. అక్కడ పోటీ లేదు, అక్షరాలు లెక్కపెట్టే దిక్కూ లేదు. అయినా చెయ్యి ఆగలేదు. పిట్ట కొంచెం కూత ఘనం అని నన్ను నేనే మెచ్చుకుని పంపించాను.

పంపు దగ్గరివాళ్ళు పొద్దున దిగి, పదింటికి పైకొచ్చి గేటు దగ్గర సద్ది తిని, మళ్ళీ దిగుతారు. ఆ సద్ది కట్టేది మా అక్కే. ఆ సంగతి తెలియదని అనడానికి నాకు నోరు లేదు. ఒకసారి పైకొచ్చిన మనిషి మళ్ళీ ఎన్నిసార్లు దిగినా నా ప్రోగ్రాంకు బయట ఉన్నట్టే.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం కాక ఫోన్ చేశాడు. అరగంట క్రితం జరిగింది చెప్పాడు. పేల్చే వేళకు కంప్యూటర్‌లో ఒక్క నంబరూ లేదట. జెండా ఊపమని సూపర్‌వైజర్ అన్నాడట. బోర్డు ఇక వద్దని చెప్పినా, అలవాటు చావక కాక బిళ్ళలు తగిలిస్తూనే ఉన్నాడు. ఒక మేకుకు బిళ్ళ ఉంది.

"గాయన నా పక్కన కూసోని సద్ది తిని మళ్ల దిగిండు సారూ, బిళ్ల గిక్కడ్నే ఉన్నది. నేను ఊప, ఏం జేస్కుంటవో చేస్కో అని సూపర్‌వైజర్‌కు చెప్పిన. జీపు పంపిండ్రు బిడ్డా. మీ బావ పంపు పక్కనే ఉన్నడు. మోటరు మోతల పైకి రమ్మని ఒర్లినా ఏమినవడ్తది?"

తప్పు ఎక్కడుందో నాకు అప్పటికప్పుడే తెలిసిపోయింది. బావ ఎట్లున్నడని అడగడానికి ముందు నా బుర్రలోకి వచ్చిన ఆలోచన ఏమిటంటే, సరిదిద్దితే మూడక్షరాలు పెరుగుతాయి కదా అని. ఆ తరవాతే బావ గురించి అడిగాను. ప్రోగ్రాంలో తప్పు చేసినందుకు కాదు, ఈ వరస తలుచుకున్నప్పుడే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ప్రోగ్రాం సరిచేసి పంపి, సాయంత్రం వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాను. బావ మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నన్ను చూడగానే నవ్వాడు.

"ఏం బామ్మర్ది, నన్ను లెక్కలకెల్లే తీసేసినవ్?"

అక్క సద్ది డబ్బా తోముతోంది. తల ఎత్తలేదు.

"ఎందుకట్ల రాసినవ్‌రా?"

"పొట్టిగ అయితదని అక్కా."

"పొట్టిగంటే ఎంత?"

అబద్ధం చెప్పొచ్చు. చెబితే నమ్మేది కూడా. బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"మూడక్షరాలు" అన్నాను.

బావ నవ్వడం ఆపి, చాయ్ గ్లాసు కింద పెట్టాడు.