ఏడుకొండలవాడు సంతకం చేయాలట!

సాక్షాత్తూ ఏడుకొండలవాణ్ణి సర్కారు కచేరీకి పిలిపించిన పాపాత్ముణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఇది రాస్తున్నది వాడే. చెంపలేసుకుని చదవండి.

యుద్ధం మొదలైన కొత్త. అప్పుడు బెంగళూరు ఒక ఊరు కాదు, రెండు దేశాలు. మా కాటన్‌పేట మైసూరు మహారాజుగారిది. కబ్బన్ పార్కు దాటితే దండు. అక్కడ తెల్లదొరల రాజ్యం, వాళ్ల పోలీసులు, వాళ్ల చట్టం. జట్కాలో అరగంట ప్రయాణమే అయినా, మా వీధివాడెవడైనా దండులో అంగడి పెడితే దొరల సీమకు ఓడెక్కి పోయివచ్చినంత గొప్ప. ఇరవై నాలుగేళ్ల నాకు ఆ గొప్ప కావలసివచ్చింది. సోల్జర్లకు ఊదుబత్తీలు అమ్ముదామని అక్కడ ఒక గది మాట్లాడుకున్నాను. సరుకు కోసం మా అమ్మ తన గాజులు అమ్మేసింది. శుక్రవారంలోగా లైసెన్సు చూపించకపోతే గది ఇంకొకరికి ఇచ్చేస్తానని గది యజమాని ఖండితంగా చెప్పాడు.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు కదా. నాకు లైసెన్సు లేదు, తాళంచెవి లేదు, బోర్డు మాత్రం తయారు. దాని మీద నా పేరు, ఇంగ్లీషులో, జానెడేసి అక్షరాలతో!

బుధవారం దండు కచేరీకి వెళ్లాను. కాగితంలో 'అంగడి పేరు' అన్నచోట నా పేరు రాశాను. 'యజమాని' అన్నచోట కలం ఆగింది. మా ఇళ్లల్లో ఏ వ్యాపారానికైనా యజమాని ఆ స్వామే, మనం ఆయన గుమాస్తాలం. ఈ సంగతి కాటన్‌పేటలో పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకని 'శ్రీ వేంకటేశ్వరస్వామి, తిరుమల' అని రాసి కాగితం కళ్లకద్దుకున్నాను.

దొర దాన్ని చదివి ఏదో అడిగాడు. చిత్తూరు వైపు గుమాస్తా ఒకాయన పక్కన నిలబడి ఆ ఇంగ్లీషును నాకు తెలుగు చేశాడు.

"యజమాని ఎందుకు రాలేదని అడగతాండారు."

"ఆయన కొండ దిగడు సామీ. మనమే పోవాల."

"వయసెంత?"

"ఎవరికి తెలుసు సామీ!"

"ఏం పని చేస్తాడంట?"

"లోకాల్ని కాపాడతాడు."

"సర్కారు ఉద్యోగమా అంటాండారు."

"అంతకన్నా పెద్దదని చెప్పండి."

దొర కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "సంసారం?"

"ఇద్దరమ్మగార్లు. ఒకరు ఎప్పుడూ ఎదమీదనే ఉండారు. ఇంకొకరికి కొండ కింద వేరే కాపురం ఉండాది."

గుమాస్తా ముఖంలో ఒక్క గీత కదలలేదు. దొర అడగనిది చెప్పే అలవాటు ఆ కచేరీలో ఎవరికీ లేదట. చివరికి ఏ రాజ్యపు ప్రజ అని ప్రశ్న వచ్చింది. నేను ఆలోచించాను. తిరుపతి దొరలేలే మద్రాసు రాజధానిలోది. అంటే స్వామి దొరలవాడే, మైసూరు నుంచి వచ్చిన పరదేశిని నేనే! ఆ మాటే పైకి చెప్పాను. వినగానే దొర ముఖం వికసించింది.

"యజమాని మనవాడే కదా, రేపొచ్చి సంతకం చేస్తే సరి అంటాండారు" అన్నాడు గుమాస్తా. "లేదంటే ఆ పేరు కొట్టేయప్పా."

"స్వామి పేరా? మీరే కొట్టేయండి సామీ."

"నేనా? నాకూ బిడ్డలుండారప్పా!" అంటూ ఆయన కలం కింద పెట్టేశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడికే వరం దొరకలేదు.

ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఏడ్చింది. గాజుల్లేని ఆ చేతులు చూడలేక నాకు నిజంగా సిగ్గేసింది. మర్నాడు నాకంటే ముందు ఆమే జట్కా ఎక్కింది.

"ఆ కాగితం సదువప్పా" అంది గుమాస్తాతో. "అంగడి పేరు కాడ ఎవరుండారు?"

"నీ కొడుకమ్మా."

"యజమాని కాడ?"

"స్వామి."

అమ్మ నా వైపు తిరిగింది. "ఏరా, బోర్డు మీద నువ్వు మెరవాల, కచేరీలో స్వామి నిలబడాలనా? తిప్పి రాయప్పా. బోర్డు మీద స్వామి. తప్పు జరిగితే పట్టుకునేదానికి వీడు."

గుమాస్తా కొత్త కాగితం తీసి, అప్పుడు స్వామి ఎవరో దొరకు చెప్పాడు. దొర బల్ల చరిచి చరిచి నవ్వి, ఆ నవ్వులోనే ముద్ర వేశాడు.

శుక్రవారం అంగడి తెరిచాం. అమ్మ హారతిచ్చింది. నేను దిష్టి గుమ్మడికాయ తీసి, కుంకుమ నింపి, దొరల రోడ్డు నడిమధ్యన ఫెడీమని పగలగొట్టాను. అంత ఎరుపు చూసి హత్య జరిగిందనుకున్నాడో ఏమో, దండు పోలీసు ఈల ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఎవుడ్రా ఈ అంగడి యజమాని?"

నేను భక్తిగా స్వామి పటం వైపు చూశాను. అమ్మ వెనకనుంచి నన్ను ఒక్క తోపు తోసింది. "పో నాయనా, నిన్నే పిలస్తాండాడు."

రోడ్డు కడగడానికి పదకొండు బిందెలు పట్టాయి. ఆఖరి బిందె చేత్తో పట్టుకుని, తడి పంచెతో, తూర్పు ముఖంగా నిలబడి ప్రమాణం చేశాను: ఈ కట్టె కాలేదాకా ఏ దేశంలోనూ, ఏ కాగితం మీదా, దేవుణ్ణి నాకు జామీను పెట్టను.