బాలప్ప సారుకు సమజ్ కాలే

బాలప్ప సారుకు ఏదీ ఒక పట్టాన అర్థం కాదు.

అలాగని ఆయన చదువు తక్కువ మనిషి కాదు. కెమిస్ట్రీలో డాక్టరేటు. పటాన్‌చెరు చుట్టూ ఉన్న వాగుల నీళ్లు సీసాల్లో పట్టి పరీక్షించడంలోనే తల నెరిసింది. అయినా సరే, తోటి మాస్టార్లు పాఠం చెబుతుంటే క్లాసు మధ్యలో చెయ్యెత్తి లేచి నిలబడేవారు. "నాకు సమజ్ కాలే" అనేవారు. ఆ అనడం కూడా తలవంచుకుని కాదు, ఎవరో వేదిక మీదికి పిలిచి శాలువా కప్పబోతున్నంత ఉత్సాహంగా.

రెండువేల రెండులో యూనివర్సిటీ వారు సంగారెడ్డి రోడ్డు మీద మూతపడ్డ ఫ్యాన్ల ఫ్యాక్టరీ షెడ్డు కిరాయికి తీసుకుని, పర్యావరణం, సుస్థిర అభివృద్ధి అంటూ కొత్త పీజీ కోర్సు పెట్టారు. కెమిస్ట్రీ, ఎకనామిక్స్, లా ఒకే చూరు కిందికి వచ్చాయి. శాస్త్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి గనుక ఒకరు పాఠం చెబుతుంటే మరొకరు కూర్చుని వినాలని నియమం రాశారు. మిగతావాళ్లకు ఆ నియమం రిజిస్టరులో సంతకం పెట్టి చాయ్‌కి పొమ్మన్నట్టుగా అర్థమైంది. ఏదీ అర్థం కాని బాలప్ప సారుకు మాత్రం అది ఉన్నదున్నట్టు అర్థమైంది. ప్రతి క్లాసుకీ వచ్చి కూర్చునేవారు.

నాగేశ్వరి తెనాలి నుంచి అప్పుడే వచ్చింది. ఎకనామిక్స్. ఉద్యోగం తాత్కాలికం, గొంతులో వణుకు మాత్రం పర్మనెంటు. మొదటి పాఠం రాత్రంతా బట్టీపట్టి, 'ఎక్స్‌టర్నాలిటీ' అని బోర్డు మీద రాసి, గుక్క తిప్పుకోకుండా నిర్వచనం అప్పజెప్పింది. వెనక్కి తిరిగేసరికి నెరిసిన తల ఒకటి పిల్లల మధ్య నుంచి పైకి లేస్తోంది.

"అమ్మా, నాకు సమజ్ కాలే."

ఆమె చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలైంది. మళ్లీ చెప్పింది. 

"ఇంకింత సమజ్ కాలే."

"సార్, ఫ్యాక్టరీ వల్ల బయటివాళ్లకు జరిగే నష్టం ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు. అదండీ."

"బయటోళ్లంటే ఎవరమ్మా? బొంబైలోళ్లా?"

"కాదండీ, ఈ పక్క ఊరివాళ్లే!"

"అంటే కిష్టారెడ్డిపేటల బర్రె ఆ వాగునీళ్లు తాగి పాలు ఎగబెట్టిందనుకో..."

"అదే సార్! ఆ పాల నష్టం కంపెనీ లెక్కలో ఉండదు. అదే ఎక్స్‌టర్నాలిటీ!"

"ఓస్, గింతేనా? గీ ముచ్చట ముందుగాల్నే చెప్పొచ్చు గదమ్మా!"

క్లాసు గొల్లుమంది. నాగేశ్వరి చెవులు ఎర్రబడ్డాయి. ఇంత పెద్దమనిషి, ఇంత చదువుకున్నాయన, మొదటి రోజే తనను బర్రెపాలు చేసేశారు!

లా చెప్పే భీమశంకరం గారి దగ్గర మొరపెట్టుకుంటే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నీది నయం తల్లీ. నేను లోకస్ స్టాండీ గురించి చెబుతున్నా. దావా వేసే హక్కు ఎవరికుంటుందన్న సంగతి. గంట చెప్పాక లేచి ఏమడిగాడో తెలుసా? 'గది ఏ ఊరి బస్టాండు సార్?' అని!"

"అయ్యో! మీరేం చేశారు?"

"రెండు రోజులు సెలవు పెట్టాను."

అలా ఏడాది గడిచింది. నాగేశ్వరి ఆ తలను చూసి చూసి పాఠాలన్నీ ముందే మార్చుకోవడం మొదలుపెట్టింది. ఏది చెప్పినా బోరుబావో, కల్లు దుకాణమో, సంగారెడ్డి షేరింగ్ ఆటోనో అందులోకి వచ్చేది. ఆ మనిషి చేతిలో అవమానపడకుండా ఉండడానికి అదొక్కటే దారి అనుకుంది.

ఇంతలో ఢిల్లీ నుంచి కమిటీ వస్తోందన్నారు. వాళ్లు గుర్తింపు ఇస్తే కోర్సు ఉంటుంది. లేకపోతే షెడ్డుకు తాళం, పిల్లలు ఇళ్లకు, నాగేశ్వరి తెనాలి బస్సుకు. వాళ్లు క్లాసులో కూర్చుని పిల్లలను ప్రశ్నలు కూడా అడుగుతారట. ముందురోజు ఆమె తిన్నగా బాలప్ప సారు ల్యాబుకు వెళ్లి చేతులు జోడించింది.

"సార్, రేపొక్క రోజు మీకు అన్నీ అర్థమైపోవాలి."

"అన్నీనా?"

"అన్నీ. కాకపోయినా అయినట్టే కూర్చోవాలి. నా ఉద్యోగం సార్!"

"సరే బిడ్డా. మాటిస్తున్న. నోరిప్ప."

మర్నాడు కమిటీ వచ్చింది. పెద్దాయన పేరు నరసింహమూర్తి. ఢిల్లీలో ఎన్నేళ్లున్నా తెలుగు మరిచిపోలేదని చూపించుకోవడం ఆయనకు సరదా. నాగేశ్వరి పాఠం సాఫీగా సాగింది. బాలప్ప సారు రెండు చేతులూ చంకల్లో బిగించుకుని బొమ్మలా కూర్చున్నారు. ఆమె గుండె కుదుటపడుతుండగా నరసింహమూర్తి గారు ముందు బెంచీలో ఉన్న హుస్నాను లేపారు. పటాన్‌చెరులో కుట్టుమిషను షాపు వాళ్లమ్మాయి. డిగ్రీ దాకా ఉర్దూ మీడియం.

"ఈ ప్రాంతపు ముఖ్య సమస్యేమిటి? పరిష్కారమేమిటి? బోర్డు మీద రాసి, ఇంగ్లీషులో చెప్పమ్మా."

హుస్నా వెళ్లి పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో 'అఫ్లుయెంట్' అని రాసింది. 'ఈ' ఉండాల్సిన చోట 'ఏ' పెట్టింది. కెమిస్ట్రీ క్లాసులో విన్న ఎఫ్లుయెంట్ అనే మురుగునీరు, ఎకనామిక్స్ క్లాసులో విన్న అఫ్లుయెంట్ అనే ధనవంతులు ఆమె చెవిలో ఎప్పుడో ఒకటైపోయారు. ఇక ధైర్యంగా ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మన మాటల్లో చెప్పాలంటే ఇలా: ఇక్కడ ధనవంతులతో చాలా కంపుగా ఉంది. ప్రతి ఫ్యాక్టరీ చీకటి పడగానే ధనవంతులను వాగులోకి వదులుతోంది. వాళ్లందరినీ ఒక పెద్ద ట్యాంకులో పోసి, సున్నం కలిపి, ఆపకుండా గిలక్కొట్టాలి. అడుగున పేరుకున్నది ఎండబెట్టి పూడ్చెయ్యాలి.

కమిటీ మొత్తం పగలబడి నవ్వింది. ఒకాయనకు పొలమారింది. హుస్నా ముందు వాళ్లతోపాటు నవ్వబోయి, తనను చూసే నవ్వుతున్నారని తెలిసి ఆగిపోయింది. బెంచీ దగ్గరికొచ్చి సంచీ భుజాన తగిలించుకుంది. తలుపు వైపు నడిచింది. ఆ నడక చూస్తే మళ్లీ ఆ తలుపులోంచి లోపలికి వచ్చేట్టు లేదు.

"సార్, నాకు సమజ్ కాలే!"

నాగేశ్వరి కళ్లు గట్టిగా మూసుకుంది. అయిపోయింది. తెనాలి బస్సే.

"ఏమిటండీ అర్థం కానిది?" అన్నారు నరసింహమూర్తి గారు.

"గీ నవ్వుడెందుకో సమజ్ కాలే సార్. ఆ పిల్ల నేను చెప్పినట్టే రాసింది. ఆగు బిడ్డా, ఏడికి పోతున్నవ్? తప్పైతే నాది గదా. నాకు ముప్పై ఏండ్ల సంది గడబిడనే, గది ఏ నా, ఈ నా అని."

హుస్నా గడపలోనే నిలబడిపోయింది.

"మీరు కెమిస్ట్రీ ప్రొఫెసరు కదూ?"

"అవ్ సార్."

"మురుగునీటి మీదే పుస్తకం రాశారని విన్నాను!"

"రాసిన సార్. స్పెల్లింగులు ప్రెస్సోళ్లు చూసుకున్నరు."

నరసింహమూర్తి గారు నోరు తెరిచి, తెరిచిన నోటితోనే లేచి, చాక్‌పీసు అందుకున్నారు. ఆయన పాఠం చెప్పి ఎన్నేళ్లయిందో. 'ఏ' ఒక పక్క, 'ఈ' ఒక పక్క రాసి, లాటిన్ దాకా వెళ్లి వచ్చారు. ఎంత ముచ్చటగా చెప్పారో, పిల్లలంతా రాసుకున్నారు. హుస్నా ఎప్పుడొచ్చి తన బెంచీలో కూర్చుందో ఎవరూ చూడలేదు.

"అంటే సార్," అన్నారు బాలప్ప సారు వదలకుండా, "ఈ పిల్ల చెప్పింది పైసలున్నోళ్లను ట్యాంకుల పోసి సున్నం కలపమనా?"

"అక్షరాలా అదే!"

"మరి గందుల తప్పేముంది సార్? జెర శుద్ధి అయితరేమో!"

ఈసారి నవ్వు గది పైకప్పును తాకింది. అందులో హుస్నా నవ్వే అందరికన్నా గట్టిగా వినిపించింది.

వెళ్లేటప్పుడు కారు దగ్గర నరసింహమూర్తి గారు, "ఇంత వయసులో నేర్చుకోవాలన్న తపన! ఇలాంటి చోటును మూస్తామా? గుర్తింపు ఇచ్చేసినట్టే అనుకోండి" అన్నారు. జేబులోని బుల్లి డిక్షనరీ తీసి బాలప్ప సారు చేతిలో పెట్టారు. ఆయన రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నారు. నరసింహమూర్తి గారు నాగేశ్వరి చెవిలో, "ఆయనకు మంచి ఇంగ్లీషు ట్యూషను చూడండమ్మా" అని కూడా అన్నారు.

కారు పోయాక ఆమె హుస్నాను పక్కకు లాగింది.

"సారుకు ఆ తేడా తెలియదా? ఏమిటిదంతా?"

"ఆయనకు తెల్వకుంటుందా మేడం!" అంది హుస్నా. "మొదట్ల నాకు ఏ క్లాసు సమజ్ కాకపోతుండె. ఇగ చదువు బంద్ చేస్తనని అమ్మీకి గూడ చెప్పిన. సార్ అడిగిండు, 'క్లాసుల ఎందుకు అడుగవ్?' అని. సిగ్గైతది సార్ అన్న. 'నాకు సిగ్గు లేదు గదా, నేనడుగుత తీయ్' అన్నడు. గప్పటి సంది మా నడుమ కూసొని, మా అందరి డౌట్లు మెల్లగ అడిగి తెల్సుకొని క్లాసుల ఆయన లేస్తడు."

"మరి... ఆ బస్టాండు?"

"గది మా వెనుక బెంచి చిన్నరాములు డౌటు మేడం. నిజంగనే బస్టాండనుకున్నడు పాపం."

బాలప్ప సారు షెడ్డు మెట్ల మీద కూర్చుని డిక్షనరీ తిరగేస్తున్నారు. నాగేశ్వరి వెళ్లి ఎదురుగా నిలబడింది.

"నోరిప్పనని మాటిచ్చారు."

"ఇచ్చిన బిడ్డా. పిల్ల సంచి ఏసుకునే దాంక ఆపుకున్న. ఇగ నాతోని కాలే."

"ఢిల్లీలో అందరికీ చెబుతాడాయన, మీకు స్పెల్లింగు రాదని."

"చెప్పనియ్. నాకు ఢిల్లీల ఏం పనుంది?"

ఆమె నవ్వు ఆపుకుని అడిగింది. "ఒక్కటి చెప్పండి సార్. పోయిన వారం డిస్కౌంటు రేటు పాఠంలో మళ్లీ మళ్లీ లేచి నన్ను ఏడిపించారు. అది ఎవరి డౌటు? హుస్నాదా, చిన్నరాములుదా?"

బాలప్ప సారు అటూ ఇటూ చూశారు. పిల్లలెవరూ దగ్గర్లో లేరని నిర్ధారించుకుని గొంతు తగ్గించారు.

"గది నాదేనమ్మా. ఇప్పటికీ సమజ్ కాలే."

నాగేశ్వరి చీర కుచ్చిళ్లు సర్దుకుని ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది.

"సరే సార్. మీకొక బర్రె ఉందనుకోండి..."