ఆడవాళ్ళ పేజీ

ఆ చుట్టుపక్కల వీధుల్లో అతన్ని అందరూ ఫారాలాయన అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. విశ్వవిద్యాలయంలో పేదరికం మీద పరిశోధన చేసే విభాగం ఒకటుంది. వాళ్ళు నాలుగు వందల కుటుంబాలను చీటీలు తీసి ఎంచుకున్నారు. ఐదేళ్ళకోసారి అవే ఇళ్ళకు మనిషిని పంపి అవే ప్రశ్నలు అడిగిస్తారు. తండ్రి ఏం పని చేశాడు, కొడుకు ఏం చేస్తున్నాడు, గదులెన్ని, చదువెంత. ఎవరు పైకొచ్చారు, ఎవరు ఉన్నచోటే ఉండిపోయారు, ఎవరు జారిపోయారు అన్నది తేల్చడం ప్రొఫెసర్ల పని. ఇంటింటికీ తిరిగి ఆ ఫారాలు నింపడం ఇతని పని. పాతికేళ్ళుగా నింపుతున్నాడు, ఇప్పటికీ కాంట్రాక్టు మనిషే.

నోటి మాట నమ్మడం అతనికి చేతకాదు. ఇంట్లో ముగ్గురమే అంటే పంపు దగ్గర పళ్ళు తోముకునే బ్రష్షులు లెక్కపెడతాడు. ఐదు కనిపిస్తే గుమ్మంలో చెప్పులు కూడా చూసి, ఐదని రాస్తాడు. నిజం చెబితే ప్రభుత్వం నుంచి వచ్చే సాయం ఆగిపోతుందేమోనని జనం భయం. అందుకని ఫారాలాయన వీధి మలుపు తిరిగాడని తెలియగానే టీవీలు మంచాల కిందికి పోతాయి. ఒకావిడ, "మాకేముంది బాబూ, పూట గడవడమే గగనం," అంటుంటే మూలన దుప్పటి కప్పిన వస్తువేదో గుర్రుమంటోంది. "దానికేమైనా జ్వరమా అమ్మా, మూలుగుతోంది," అన్నాడితను. ఫ్రిజ్జు ఉంది అని రాసుకున్నాడు.

ఇలాంటి మనిషికి ఫారంలో ప్రాణంతో సమానమైనది చివరి పేజీ. దాన్ని ఆడవాళ్ళ పేజీ అంటారు. ఆ ఇంటి ఇల్లాలిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి, మగవాళ్ళెవరూ వినకూడదు. పది మెట్ల నిచ్చెన బొమ్మ చూపించి, మీ కుటుంబం ఏ మెట్టు మీద ఉందనుకుంటున్నారని అడగాలి. పిల్లలు మీకంటే పైకి వెళ్తారని నమ్మకం ఉందా అని అడగాలి. మొగుళ్ళను వీధిలోకి తోలడంలో ఫారాలాయన మొహమాటపడడు. "నేను లేకుండా నా పెళ్ళాన్ని ఏం అడుగుతావయ్యా?" అని ఒక తాళాల రిపేరు అతను ఎగిరిపడితే, "నువ్వుంటే చెప్పనివి," అన్నాడు. అడగడం అయ్యాక ఫారం బిగించిన అట్ట గుండెలకు హత్తుకుని బయటికొస్తాడు. ఏం చెప్పిందని ఎంత బతిమాలినా పెదవి విప్పడు. కొత్తగా చేరినవాళ్ళకు ఈ పేజీ గురించి పాఠం చెప్పేదీ అతనే.

ఇంటికొచ్చాక కూడా కళ్ళు ఊరుకోవు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే భార్య అరగంట ఆలస్యంగా వస్తే ఏ దారిన వచ్చిందో చెప్పులు చూసి చెప్తాడు. "మీది పోలీసు బుద్ధి, దారి తప్పి ఫారాల్లో పడ్డారు," అంటుందామె. ఉన్నది ఒక్కతే కూతురు, ఇరవై మూడేళ్ళది. పరీక్ష రాసి అదే విభాగంలో, ఫారాలను కంప్యూటరులో సరిచూసే ఉద్యోగం తెచ్చుకుంది. ఈ నెలాఖరుకు ఖాయం చేయాలి. తాత గూడ్స్ షెడ్డులో మూటలు మోశాడు, తండ్రి ఫారాల సంచి మోస్తున్నాడు, ఈ పిల్లకు కుర్చీ, బల్ల ఇచ్చారు. ఆ సంతోషంలోనూ అతనికి అనుమానమే. ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంటారేమోనని రోజూ సాయంత్రం ఆమె ముఖం చూసేవాడు.

పోయిన వారం ఆ ముఖం మారింది. టిఫిన్ డబ్బా సగం నిండుగానే తిరిగొచ్చింది. నాన్నా అని పిలవడం తగ్గింది. పిలిచినా చూపు పక్కకు పోతోంది. గురువారం ఆమె మోచేతులకు పసుపుపచ్చటి ధూళి కనిపించింది. ఆ ధూళి అతనికి తెలుసు. ఆఫీసులో నేల కింద, పాత ఫారాల కట్టలు పెట్టే గదిలో తప్ప ఎక్కడా ఉండదు. కంప్యూటరు పిల్లకు ఆ గదిలో ఏం పని అనుకున్నాడు. ఆ గదిలో అతని తప్పు ఒకటుంది.

అది రెండు వందల పన్నెండో ఇల్లు. మొదటి విడతలో చీటీలు తీస్తే వచ్చిన ఆ ఇల్లు అతని సొంత ఇల్లే. సిబ్బంది ఇళ్ళుంటే జాబితాలోంచి కొట్టేయమని సూపర్‌వైజరు ముందే చెప్పాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబుదామనుకునేలోపే తండ్రి, "మన ఇల్లు కూడా పెద్ద చదువులవాళ్ళ పుస్తకంలో రాస్తారా?" అని అడిగాడు. మూటలు మోసి వంగిన నడుము నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ముసలి మొహం చూసి కొట్టేయడానికి చేతులు రాలేదు. తర్వాత తండ్రి పోయాడు, ఇల్లు మాత్రం జాబితాలో ఉండిపోయింది. ఐదేళ్ళకోసారి ఆ ఫారం తనే నింపి కట్టలో కలిపేస్తున్నాడు. అది బయటపడితే మిగతా మూడు వందల తొంభై తొమ్మిది ఫారాలనూ ఎవరూ నమ్మరు. పాతికేళ్ళ తిరుగుడు బూడిదలో పోసినట్టే. పైగా దాన్ని పట్టుకునే కుర్చీలో కూర్చున్నది కన్నకూతురు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు, జీవితంలో మొదటిసారి కూతురి సంచిలో చెయ్యి పెట్టాడు. జిరాక్సు కాగితాలు చేతికొచ్చాయి. తన దస్తూరీయే. తల ఎత్తేసరికి గుమ్మంలో ఆమె తడి జుట్టుతో నిలబడి ఉంది. లోపల గదిలో భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"నా పుట్టినతేదీ చూసి గుర్తుపట్టాను," అంది కూతురు. "తర్వాత నా స్కూలు. తాత పని. అయినా నమ్మలేక కింద గదిలోకెళ్ళి అసలు కాగితాలు తీశాను."

అతను కాగితాలు ఆమె చేతికిచ్చాడు. "కొట్టేయకపోవడం తప్పేనమ్మా. రాసినవి మాత్రం అబద్ధాలు కావు," అన్నాడు.

"అయితే ఇదీ నిజమేనా? పిల్లలు మీకంటే పైకొస్తారని నమ్మకం ఉందా? నాకు మూడేళ్ళప్పుడు లేదు అని రాశావు. ఎనిమిదేళ్ళప్పుడూ లేదు. పదమూడు, పద్దెనిమిది, అప్పుడూ లేదు." ఆమె ఆ గడుల మీద వేలు పెట్టింది. "మార్కులు చూపించినప్పుడల్లా భుజం తట్టేవాడివి కదా నాన్నా."

ఆ మాట అతనికి సూటిగా తగిలింది. తప్పించుకోవాలనిపించలేదు. "ఉంది ఉంది అని చెప్పిన వాళ్ళ ఇళ్ళకి ఐదేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళేది నేనే. ఆ పిల్లలు ఎక్కడున్నారో చూసేదీ నేనే. చూసి చూసి నాకు నమ్మకం పోయింది. ఉన్నమాటే రాశాను. ఒక్క అక్షరం కూడా తప్పు లేదు అందులో."

లోపల బట్టల చప్పుడు ఆగింది. "ఆడవాళ్ళ పేజీలో కూడానా?" అంది భార్య.

ఆమె చేతిలో సగం మడిచిన దుప్పటితో బయటికొచ్చింది. "ఊళ్ళో మొగుళ్ళందర్నీ బయటికి తోలే మనిషి కదా. నన్నెప్పుడు అడిగారు?"

ఆమె కాగితాలు చూపించింది. "చదవవే," అంది కూతురితో.

"నిచ్చెన, మూడో మెట్టు. నమ్మకం, లేదు. అన్నిసార్లూ అంతే."

"దానికి పదమూడేళ్ళప్పుడు కూడానా?"

"అప్పుడూ అంతేనమ్మా."

ఆమె భర్త వైపు చూసింది. గొంతు పెంచలేదు. "దాని పుస్తకాల కోసం నేను రెండు షిఫ్టులు చేసిన ఏడు అది. చేతులు బొబ్బలెక్కితే మీరే మందు రాశారు. నమ్మకం లేని మనిషి ఆ చాకిరీ ఎందుకు చేస్తుందండీ?"

బ్రష్షులు లెక్కపెట్టి ఊళ్ళో అబద్ధాలన్నీ పట్టుకున్నవాడికి, పక్కనే ఉన్న మనిషి మనసులో ఏముందో అడగాలని తోచలేదు. తనకు తెలుసనుకున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"రేపు రాసి ఇచ్చేస్తున్నాను నాన్నా," అంది కూతురు. "ఇల్లు కొట్టేస్తారు. మిగతావాటిలో ఓ నలభై ఇళ్ళకి వేరే మనిషిని పంపి మళ్ళీ అడిగిస్తారు. నీ ఫారాలు నిలబడితే నిలబడతాయి."

ఈ పిల్ల కూతురుగా మాట్లాడుతోందా, ఆఫీసుగా మాట్లాడుతోందా అని అతనికి ఒక్క క్షణం అనుమానమొచ్చింది. "నీ ఉద్యోగమో?" అన్నాడు.

"దాచిపెడితే పోతుంది. చెబితే ఏమవుతుందో తెలీదు."

"చెప్పేయ్. ఆ ఇళ్ళకి ఎవర్ని పంపుతారో పంపనీ. ఆ పేజీ ఇక్కడ తప్ప ఎక్కడా అడక్కుండా నేను రాయలేదు."

కూతురు బల్ల సొరుగులోంచి కొత్త ఫారం తీసి అట్టకు బిగించింది. "రేపటిదాకా ఇల్లు జాబితాలోనే ఉంది. ఈ విడత పేజీ ఇంకా ఖాళీ. నువ్వు కాసేపు బయట నిలబడు నాన్నా."

అతను వెళ్ళి వరండాలో నిలబడ్డాడు. వెనక తలుపు పడింది. పక్కింటి పెయింటరు గుమ్మంలో కూర్చుని డబ్బాలు తుడుచుకుంటున్నాడు. ఐదేళ్ళ క్రితం ఫారాలాయన ఇదే వరండాలో అతన్ని ముప్పావుగంట నిలబెట్టాడు. "ఏంటి మాస్టారూ, మిమ్మల్నీ గెంటేశారా?" అన్నాడు నవ్వుతూ. ఫారాలాయన నవ్వలేదు. తలుపుకు చెవి ఆనించాలనిపించింది. పెయింటరు చూస్తున్నాడని ఊరుకున్నాడు. లోపల ఏదో గొణుగుడు వినిపించింది. మధ్యలో ఒకసారి భార్య చాలాసేపు మాట్లాడింది. అంత సేపు ఆమె తనతో ఎప్పుడు మాట్లాడిందో అతనికి గుర్తు రాలేదు.

తలుపు తెరుచుకుంది. కూతురు అట్టను గుండెలకు హత్తుకుని నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏం చెప్పింది?"

"చెప్పకూడదు నాన్నా. నువ్వే కదా నేర్పేది."

అతను లోపలికెళ్ళి భార్య ముందు కూర్చున్నాడు. పాతికేళ్ళు ముఖాలు చూసి నిజాలు లాగిన మనిషికి ఆ ముఖంలో ఏమీ దొరకలేదు. ఆమె మళ్ళీ దుప్పటి మడతపెడుతోంది, అంచుకు అంచు కలిపి.

"ఏ మెట్టన్నావు?" అని మెల్లగా అడిగాడు.

"ఐదేళ్ళాగి రండి," అంది భార్య.