చక్రం లోపలి పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక తెల్లదొర ఉండేవాడు. ఆయన్ను కళ్ళతో చూసినవాళ్ళెవరూ మిగల్లేదు గానీ, మా జేజినాయన నోట్లో మాత్రం పొద్దస్తమానం తిరుగుతూనే ఉండేవాడు. జేజినాయన అంటే మా నాన్నకు నాన్న. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డు పల్లె మాది. ఒకప్పుడు గండికోట కింద లోయలో ఆ దొర గుడారం వేసుకుని చేపలు పట్టేవాడట. ఆయన గాలం సామాన్లు మోసిన మనిషి మా జేజినాయనకు నాయన. దొర సీమకు, అదే ఇంగ్లండుకు, వెళ్ళిపోతూ, మా ముత్తాత నమ్మకానికి మెచ్చి, తన గాలం చక్రాన్ని ఆయన చేతిలో పెట్టి పోయాడట. ఇదీ కథ.

కథ మాటెలా ఉన్నా చక్రం మాత్రం ఉండేది. రెండు గుండ్రటి ఇత్తడి బిళ్ళలు, వాటి మధ్య దారం చుట్టుకునే కండె, తిప్పడానికి పక్కన చిన్న పిడి. తిప్పితే కిర్రుమనేది. దాని మీద ఏ కంపెనీ ముద్రా లేదు, ఏ ఊరి పేరూ లేదు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "దొర కోసం చెప్పి చేయించింది, దాని మీద ముద్ర యాడుంటాది?" అని జేజినాయన నోరు మూయించేవాడు. సంతకు పోయినా, ముద్దనూరు స్టేషన్లో రైలు కోసం కూర్చున్నా, పక్కన ఒక మనిషి దొరికితే చాలు, దొరను దించేవాడు. మాది 'దొర చక్రమోళ్ళ ఇల్లు' అయిపోయింది. ఏ అరుగు దగ్గరికి పోయినా నలుగురూ జరిగి ఆయనకు చోటిచ్చేవాళ్ళు. ఆ చోటంటే ఆయనకు ప్రాణం.

నాకేమో ఆయనంటే ప్రాణం. శనక్కాయలు వలిచి, లేతవి నాకు పెట్టి ముదురువి తాను నమిలేవాడు. ఏట్లోకి దిగితే నన్ను భుజం మీద నుంచి దించేవాడు కాదు. ఆయన ఒక మాట చెప్తే అది నిజమా కాదా అన్న ఆలోచనే నాకు వచ్చేది కాదు.

మా ఇంట్లో ఆయుధపూజకు మడకా కొడవలీ పారా కడిగి, వాటి పక్కన దొర చక్రాన్ని కూడా పెట్టేవాళ్ళు. ఆ ఏడు దాన్ని తోమే పని నాకు వచ్చింది. చింతపండూ మెత్తటి ఇసుకా తీసుకుని పెరట్లో కూర్చున్నాను. ఎప్పుడూ పైపైన తోమి వదిలేసేవాళ్ళు. నాకు ఆశ ఎక్కువ. లోపల కూడా మెరవాలనిపించింది. చాకు మొనతో మరలు తిప్పి బిళ్ళను ఊడదీశాను.

దాని లోపలి ముఖం నల్లగా చిలుముపట్టి ఉంది. చింతపండు రాసి తోముతుంటే చుక్కలు తేలాయి. ఇత్తడి చెంబుల మీదా అన్నం తినే తట్టల మీదా ఉలితో పొడిచి పేర్లు కొట్టిస్తారు చూడండి, అలాంటి చుక్కలు. అప్పుడప్పుడే చదువు వచ్చిన పిల్లను, అంగడి బోర్డు కనబడినా ఆగి చదివేదాన్ని. మొదటి అక్షరం అంచు దగ్గర సగానికి తెగిపోయి ఉంది. మిగిలింది 'చ్చమ్మ'.

దొర చక్రంలో చ్చమ్మ ఏంది? పళ్ళెంలో బియ్యం ఏరుతున్న మా జేజి, అంటే నాన్నమ్మ, దగ్గరికి పరిగెత్తి చదివి వినిపించాను. ఆమె చేతిలో బియ్యం చేతిలోనే ఉండిపోయాయి. తర్వాత కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"లచ్చమ్మ! మా అత్త పేరే అది. పుట్టింటోళ్ళు పేరు కొట్టించి ఇచ్చిన తట్టను మా మామ చేపల పాలు చేసినాడని సచ్చేదాకా మొత్తుకున్నాది పాపం. ఏట్లో పోగొట్టినాడేమో అనుకుంటి నేను. కోసి దీన్ని చేసుకున్నాడా, ఓరి ఆయన తెలివి కూలా!"

అంటే రోజూ దొర చక్రాన్ని మోసి మోసి, అది ఎట్లా తిరుగుతుందో మా ముత్తాత కనిపెట్టుకున్నాడు. పెళ్ళాం తట్టను కోసి అలాంటిదే ఒకటి తన చేత్తో చేసుకున్నాడు. ఆమె చూస్తే ఊరుకోదని పేరున్న వైపు లోపలికి తిప్పి బిగించాడు. నాకు గాల్లో తేలినట్టుంది. ఎవరో ఇచ్చిపోయిన వస్తువు కాదు, మావాళ్ళు చేసిన వస్తువు. పైగా మా ముత్తవ్వకు ఒక పేరుందని నాకు ఆరోజే తెలిసింది. అంతవరకు ఆమెను ఎవరు తలచుకున్నా పెద్దవ్వ అనేవాళ్ళు, అంతే.

జేజినాయన చేని నుంచి వచ్చీ రాగానే చూపించాను. ఆయన బిళ్ళను వెలుతురుకు తిప్పి, బొటనవేలితో ఆ చుక్కలను తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు. "మా అమ్మ పేరు," అన్నాడు. నేను చేసిన పనికి సంతోషపడుతున్నాడనుకున్నాను.

"పండగ మరసరోజు పులివెందల నుంచి అయ్యవారు వస్తాండాడు గదా, దీన్ని చూసేదానికి. అప్పుడు నువ్వే చూపిద్దువులే పాపా. అంతవరకు ఎవురికీ చెప్పాకు," అన్నాడు.

ఆ అయ్యవారు బడిపంతులు. పాత వస్తువుల కథలు సేకరించి పత్రికలకు రాసేవాడు. ముద్ర లేని చక్రం సంగతి ఎవరి ద్వారానో విని, చేసింది ఎవరో తేలిస్తే రాస్తానని కబురు పెట్టాడు. అదేమో నాకు అప్పటికే తెలిసిపోయింది! నోట్లో మాట దాచుకోవడం ఎంత కష్టమో ఆ పండగలో తెలిసింది. అయినా దాచాను, ఆయన చెప్పాడు కాబట్టి. పూజనాడు చక్రానికి బొట్టు పెట్టి నా తల నిమిరాడు. ఆయన గోళ్ళ సందుల్లో పచ్చగా ఉంది. పండగపూట అందరి చేతులూ అలాగే ఉంటాయి, పసుపనుకున్నాను.

మర్నాడు అయ్యవారు వచ్చాడు. ఊరి పెద్దమనుషులూ వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నేను కొత్త పావడా కట్టుకుని స్తంభం పక్కనే నిలబడ్డాను. జేజినాయన దొర కథ మొదలుపెట్టాడు. గుడారం, వాలుగ చేప, సీమ ప్రయాణం, ఏదీ వదల్లేదు. అయ్యవారు చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పనితనం బాగుందప్పా. సీమలో చేసినవాటికి పేరో ముద్రో ఉంటుంది. దీనికేమీ లేదే?" అన్నాడు.

నేను జేజినాయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. ఇక ఆగలేక, "లోపలుంది సామీ! మా పెద్దవ్వ పేరుంది. మా ముత్తాతే చేసినాడు," అని అరిచినట్టే చెప్పాను.

జేజినాయన నవ్వాడు. కోప్పడి ఉంటే బాగుండేది. నవ్వుతూనే, "చూద్దాంలే, బిడ్డ ముచ్చట ఎందుకు కాదనల్ల," అంటూ తన చేత్తోనే మరలు తిప్పి బిళ్ళను ఊడదీసి అయ్యవారి చేతిలో పెట్టాడు. నేను ముందుకు వంగాను. లోపల ఏమీ లేదు. నున్నగా, కొత్త నాణెంలా మెరుస్తోంది.

"ఏమీ లేదే తల్లీ," అన్నాడు అయ్యవారు, మెత్తగా.

"మా పాపకు కతలల్లడం శానా ఇష్టం సామీ. యా చెంబు మీదనో చదివి దీనికి అంటగట్టినాది," అన్నాడు జేజినాయన. అరుగంతా నవ్వింది.

గడప దగ్గర జేజి నిలబడి ఉంది. "నువ్వు చెప్పు జేజీ, తట్ట సంగతి చెప్పు," అని ఆమె కొంగు పట్టుకున్నాను. ఆమె ఒకసారి మొగుడి ముఖం చూసింది. "నాకు అచ్చరాలు రావు గదా పాపా," అని కొంగు విడిపించుకుని లోపలికి పోయింది.

ఒక్క క్షణం నేనే అబద్ధం చెప్పానేమో అనిపించింది. నా కళ్ళ మీద నాకే అనుమానం వచ్చింది. అప్పుడు జేజినాయన బిళ్ళను తిరిగి బిగిస్తున్నాడు. చేతుల మీద ఎండ పడుతోంది. పొద్దున్నే తలంటుకుని స్నానం చేసిన మనిషి, పసుపైతే పోయి ఉండాలి. గోళ్ళ సందుల్లో ఆ పచ్చదనం ఇంకా ఉంది, ఎండకు తళుక్కుమంటోంది. అది ఇత్తడి పొడి. ఆకురాయితో రుద్ది రుద్ది తన తల్లి పేరును తానే చెరిపేశాడు. అది చెరిగేదాకా నన్ను నోరు మూసుకోమని బుజ్జగించాడు. ఆకురాయి గీతలు పోయేదాకా మెరుగు కూడా పెట్టాడు. అంత ఓపిక!

సాయంత్రం నేను గడ్డివాము వెనుక కూర్చుని ఏడుస్తుంటే వెతుక్కుంటూ వచ్చాడు. ఎప్పటిలాగే వలిచిన శనక్కాయలు చేతిలో పెట్టబోయాడు. నేను చెయ్యి చాపలేదు.

"దొర ఇచ్చినాడంటే నలుగురూ లేసి చోటిస్తారు. మా నాయన తట్ట కోసి చేసినాడంటే ఎవురు చూస్తారు పాపా దీన్ని?" అన్నాడు.

"నేను చూస్తా గదా," అన్నాను.

ఆయన ఎద్దులకు మేత వేయాలంటూ వెళ్ళిపోయాడు.

అయ్యవారు దొర కథే రాశాడు. జేజినాయన ఉన్నన్నాళ్ళూ అదే చెప్పుకున్నాడు. పోయేముందు మంచం దగ్గరికి నన్ను పిలిచి చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పుడైనా నిజం ఒప్పుకుంటాడని ఎదురుచూశాను. నీళ్ళు అడిగాడు, ఇచ్చాను. ఇప్పుడు ఆ చక్రం ప్రొద్దుటూరులో మా తమ్ముడి ఇంట్లో అద్దాల బీరువాలో ఉంది. గండికోట చూడ్డానికి వచ్చే చుట్టాలకు వాడు దాన్ని తీసి చూపిస్తాడు, దొర పేరు చెప్పి. నిజం నేను చాలాసార్లు చెప్పాను. "అక్కకు చిన్నప్పటి నుంచీ కతలల్లడం అలవాటు," అంటాడు వాడు. ఆ మాట కూడా జేజినాయన ఇచ్చిపోయిన ఆస్తే.

ఆయన మీద ప్రేమ పోయిందని చెప్పను. శనక్కాయలు వలిచినప్పుడల్లా గుర్తొస్తాడు, గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఆ రోజు నుంచి నాకు మిగిలింది ఒక్క అలవాటు. ఏ బిడ్డైనా వచ్చి "అవ్వా, నేను చూసినా" అంటే, పొయ్యి మీద ఏమున్నా దించేసి వెంట పోతాను. చాలాసార్లు అక్కడ ఏమీ ఉండదు. అయినా ఆ బిడ్డ వేలు పెట్టి చూపించిన చోట వంగి, కళ్ళు చికిలించి, ఆ బిడ్డ చాలనేదాకా చూస్తాను.