మరమనిషిని మళ్లీ బతికించారు

సినిమా మొదటి భాగంలో ఆ మరమనిషి అంతరిక్షంలో చిక్కుకున్న తన మనుషుల్ని ఇంటికి పంపి, తాను నక్షత్రంలో పడి కాలిపోయినప్పుడు ఆదోని థియేటర్లో జనం చెప్పులు విప్పి నిలబడ్డారు. ఎవరో తెర ముందు కర్పూరం వెలిగించారు. ఐదో తరగతితో ఆగిన నేను ఆ సినిమా వల్లే నక్షత్రాల పుస్తకాలు చదివాను. పోయినేడు రెండో భాగానికి వెళితే అదే మరమనిషి పెళ్లిలో డాన్సు వేస్తున్నాడు! ఎలా బతికాడో ఒక్క ముక్కా చెప్పలేదు. జనం ఈలలు వేశారు.

ఎమ్మిగనూరు బస్సెక్కి, నిలబడే ఆ సినిమాను తిట్టిపోశాను.

"ఇనప బొమ్మకు ఇంత ఏడుపేంది తాతా?" అన్నాడొకడు. బస్సంతా నవ్వింది.

కిటికీ పక్కనున్న నడివయసు ఆవిడ మాత్రం వెనక్కి తిరిగింది. "నన్ను కట్టుకున్న ఆయప్ప పూడిక తీసే బాయిలో ఇద్దర్ని పైకి తోసి, తాను ఆడనే సచ్చిపోయినాడు. ఎవడన్నా వచ్చి అదంతా ఉత్తదే అంటే నేనూ ఊరుకోను."

ఆవిడ పక్క సీటులోని సంచి ఒళ్లోకి తీసుకుంది.

"ఈడ కూసో అప్పా. ఇంగా ఏమేం సెడగొట్టినారో సెప్పు."

ఎమ్మిగనూరు దాకా చెప్పాను. దిగేటప్పుడు, "మూడోది తీస్తే పోవద్దప్పా," అంది.

నిన్న మూడో భాగం పోస్టరు మా గోడకే అంటించారు. చింపేశాను.