చిన్న గిన్నెలో పంది కూర

మా వాడు నన్ను పిలిచే పిలుపు "కువైట్ అమ్మా". ఊళ్లో ఉన్నావిడ అమ్మ, ఇక్కడున్నది కువైట్ అమ్మ. వాడి మటుకు వాడికి అందులో తిరకాసేమీ లేదు. ఒళ్లు మండేది నాకే.

ఊళ్లో ఉన్న ఆ అమ్మ నా తోడికోడలు, మా ఆయన అన్నగారి భార్య. వాడికి పది నెలలప్పుడు ఆమె చేతుల్లో పెట్టి నేను నర్సు ఉద్యోగానికి ఇక్కడికి వచ్చేశాను. మా ఆయన అప్పటికే షువైఖ్‌లో ఒక కార్ల గ్యారేజీలో చేస్తున్నాడు. పిల్లవాడిని తెచ్చుకుందామంటే ఏటా ఏదో ఒక అడ్డం వచ్చేది. ముందు ఆయన జీతం చాలదన్నారు, జీతం పెరిగేసరికి ఫ్యామిలీ వీసాలే ఆపేశారు. అవి మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టాక ఫింటాస్‌లో రెండు గదుల ఫ్లాట్ తీసుకుని వాడిని తెచ్చుకున్నాం. అప్పటికి వాడికి ఆరేళ్లు. విమానం దిగి పరిగెత్తుకొచ్చి నా మెడకు చుట్టుకుంటాడనుకున్నాను. వాడు నన్ను ఒకసారి చూసి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తొంగిచూశాడు.

వచ్చిన కొత్తలో నా వంట ఒక్కటీ వాడికి నచ్చలేదు. పప్పు చేస్తే "అమ్మ బాగా ఎనుపుతాది" అనేవాడు. కోడికూర చేస్తే "అమ్మ ఇంత పెద్ద ముక్కలు కొట్టదు" అనేవాడు. "అమ్మ కాదు నాయనా, పెద్దమ్మ" అని నేను దిద్దేదాన్ని. "పెద్దమ్మ" అని బుద్ధిగా అప్పజెప్పి, మరుక్షణంలో మళ్లీ అమ్మలోకి దిగేవాడు. డ్యూటీలో నేను వేరేవాళ్ల పిల్లలకు ఇంజెక్షన్లు చేస్తుంటే వాళ్లు నన్ను విదిలించుకుని తల్లి కొంగులో దూరతారు. నాకు అలవాటే. ఇంట్లో కూడా అదే వరస అయితే ఇంక నేను తల్లినెప్పుడు కావాలి?

వీటన్నిటినీ మించింది పంది కూర.

అన్నమయ్య జిల్లాలో మా ఊరు. చర్చి వీధి మాది. మా వీధిలో పెళ్లయినా పండగైనా పంది మాంసం ఉండాల్సిందే. అందులో మా అక్కది, అంటే మా తోడికోడలిది, పేరుపడిన చెయ్యి. ఎండుమిరపకాయలు నానబెట్టి రోట్లో మెత్తగా నూరి, ఆ ముద్దలో మాంసాన్ని దాని కొవ్వులోనే వేయించి, ఉడికిన అలసందలు కలిపి, చిక్కబడేదాకా సన్నటి సెగ మీద మగ్గబెడుతుంది. దానికి తోడు రాగి సంగటి. ఒక ముద్ద తిన్నవాడు రెండోపూట కూడా అదే అడుగుతాడు. కొత్త కోడలిగా నేనూ వేళ్లు నాకుతూ తిన్నాను, కాదనను.

"అమ్మ పంది కూర చేస్తాది, నువ్వు చెయ్యవా?" అని వాడు అడిగిన మొదటి రోజు నాకు రెండు రకాలుగా కాలింది. ఈ దేశంలో పంది మాంసం అమ్మరు, తేనివ్వరు. నా చేతిలో లేని వస్తువుతో పోటీ పెట్టి కూర్చోబెట్టాడు నన్ను. అది ఒకటి. రెండోది అంతకంటే పెద్దది. వాడికి పంది మాంసం పెట్టొద్దని ఊరు వదిలిన రోజే అక్కకు చెప్పి వచ్చాను.

ఊరికే చెప్పలేదు. ఇక్కడికి రాకముందు నేను కడపలో ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డులో చేశాను. పందుల వల్ల వచ్చే పురుగు తలకెక్కి, ఫిట్స్ వచ్చి కొట్టుకునే పిల్లలను చేతుల్తో పట్టుకున్నాను. అందులో మాంసం తప్పెంత, శుభ్రం లేకపోవడం తప్పెంత అని డాక్టర్లు ఎంత విడమరిచినా నా భయం మాంసం మీదే నిలిచిపోయింది. బస్సెక్కే ముందు, పిల్లవాడు ఆమె భుజం మీద నిద్రపోతుంటే, "అక్కా, వీడు పెద్దయ్యేదాకా పంది మాంసం ముట్టించొద్దు" అన్నాను. "సరేలే పాపా" అంది.

సరేలే అన్న మనిషి చేసిన పని ఇదన్నమాట. నేను వద్దన్నదాన్నే పెట్టి, దాని రుచితోనే నా బిడ్డను తనవాణ్ని చేసుకుంది. ఫోన్ చేసి కడిగేద్దామనుకున్నాను. కానీ ఏమని? నా కొడుకును అయిదేళ్లు సాకిన మనిషిని ఎందుకు కూర పెట్టావని అడగాలా? ఆ మాట నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. ఆమె ఫోన్ చేస్తే వాడు గది మూలకు తీసుకుపోయి గుసగుసలాడేవాడు. నేను గిన్నెలు తోముతున్నట్టు నటిస్తూ కుళాయి కట్టేసి వినేదాన్ని. నవ్వు వినిపించేది. నాతో మాట్లాడేటప్పుడు వాడు అలా నవ్వడు.

చివరికి పంతం పట్టాను. ఇక్కడ దొరికే గొర్రె మాంసంతోనే ఆ కూర చేసి, పంది కూరే అని పెట్టి, వాడితో తినిపించి తీరతాను.

అక్కను అడిగితే క్షణంలో చెప్తుంది. అడిగితే నేను ఓడినట్టే. అందుకని పోలీసులా వాడినే దర్యాప్తు చేశాను.

"పెద్దమ్మ ఏమేమి వేస్తుంది నాన్నా?"

"మిరపకాయలు. తొడాలు నేనే తీస్తా. గింజలు అమ్మ తీస్తాది."

"గింజలెందుకు తీసేది?"

"నాకు మంట గదా. నాది చిన్న గిన్నె. అన్నోళ్లది పెద్ద గిన్నె."

అన్నోళ్లంటే అక్క ఇద్దరు కొడుకులు. కన్నకొడుకులకు పెద్ద గిన్నెలో అందరితోపాటు, నా కొడుక్కి విడిగా చిన్న గిన్నెలో. ఈ మాట విన్నాక నాకు కళ్లల్లో కారం కొట్టినట్టయింది. ఎంత పకడ్బందీగా మచ్చిక చేసుకుంది! గింజలు తీసి, గిన్నె వేరు పెట్టి, వీడికి మాత్రం రాజభోగం. అలా చూసుకుంటే ఏ పిల్లవాడు మాత్రం అమ్మా అనడు?

మొదటి ప్రయత్నం నిజంగా నవ్వులపాలైంది. జమియాలో, అంటే ఇక్కడి సహకార సూపర్‌మార్కెట్‌లో, ప్యాకెట్టులో దొరికే తొడ మాంసం తెచ్చాను. కొవ్వు లేని ఆ ముక్కలు ఉడికేసరికి పీచు పీచైపోయాయి. వాడు ఒక ముక్క నమిలి కంచం అంచున పెట్టి, "ఇది పంది కాదు" అని తేల్చేశాడు. మా ఆయన ఊరుకోవచ్చు కదా. "మా వదిన చేతిలో ఏముందో గానీ..." అని మొదలుపెట్టాడు. నేను చూసిన చూపుకి మిగతా ముక్క నీళ్లతో కలిపి మింగాడు.

"వచ్చే శుక్రవారం అసలుది చేస్తాను, చూడు" అని వాడికి మాటిచ్చాను.

వాడు ఆ మాటను ఎదురింట్లో చాటింపు వేశాడు. ఎదురు ఫ్లాటులో రాయచోటి ముస్లిం కుటుంబం ఉంటుంది. వాడు సాయంత్రాలు వాళ్ల పిల్లలతోనే ఆడుకుంటాడు. ఆ ఇంటావిడ మా తలుపు తట్టి, లోపలికి వచ్చి, తలుపు వేసి మరీ అడిగింది.

"ఏమ్మా, శుక్రవారం మీ ఇంట్లో పంది అంట? మీ పిల్లోడు మా ఆయన ముందర కూచోని చెప్తాండాడు. యాడ దొరికిచ్చుకున్యావు తల్లీ? జైల్లో ఏస్తారు."

జరిగిందంతా చెప్పాను. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"తొడ తెస్తే యాడ వస్తాదా రుచి? డొక్క మాంసం తీసుకో. కొవ్వు కోసెయ్యొద్దని కసాయోనికి గెట్టిగా చెప్పు, లేకుంటే వాడు అంతా గీరేస్తాడు. నేను గూడా వస్తా పా."

ఇద్దరం మాంసం కొట్టుకు వెళ్లాం. తెల్లటి కొవ్వు పొరలు పొరలుగా ఉన్న డొక్క ముక్కలను ఆవిడే వేలు పెట్టి చూపించి కొట్టించింది. ఇంటికొచ్చాక వాడిని కూర్చోబెట్టి, ఈ దేశంలో ఆ పేరు బయట ఎత్తకూడదని, ఇకనుంచి దాన్ని ఊరి కూర అనాలని చెప్పాను. రహస్యం అనేసరికి వాడికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది.

ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి మా చర్చి కూడిక కూడా ఆ రోజే. అక్కడి నుంచి రాగానే వంటింట్లో దూరాను. వాడు గచ్చు మీద చాప వేసుకుని మిరపకాయల తొడిమలు తీశాడు. నేను గింజలు దులిపాను. రోలు లేదు కాబట్టి మిక్సీలోనే కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ తిప్పాను. ముక్కలు తమ కొవ్వులో తామే వేగుతుంటే వాడు లేచి వచ్చి నా నడుము పక్కన నిలబడ్డాడు. ముక్కు ఎగబీల్చాడు. ముక్క మెత్తబడ్డాక ఉడికిన అలసందలు కలిపి మూత పెట్టాను. ఎదురింటికి వాడి కంటపడకుండా ఒక డబ్బా పంపించి, మాకు కంచాల్లో వడ్డించాను.

వాడు సంగటి తుంచి, కూరలో అద్ది, నోట్లో పెట్టుకున్నాడు. నేను తినడం మానేసి వాడి దవడలే చూస్తున్నాను.

"ఇదే" అన్నాడు. "అమ్మ చేసేది ఇదే."

రెండోసారి పెట్టించుకున్నాడు. పెదాల చుట్టూ ఎర్రగా నూనె. "మసాలా అచ్చం మా వదినదే" అన్నాడు మా ఆయన, ఈసారి నా మొహంలోకి చూస్తూ, భయంభయంగా. ఆ మాట కూడా నాకు కుట్టలేదు. గెలిచాను. పంది లేకుండానే పంది కూరను గెలిచాను. ఆ సంతోషం కడుపులో దాచుకునే ఓపిక నాకు లేదు. ఆమెకు తెలియాలి, వెంటనే తెలియాలి. చెయ్యి కడుక్కుని వీడియో కాల్ చేశాను.

"అక్కా, చూడు" అని వాడు నాకేసిన కంచాన్ని ఫోన్‌కు ఆనించి చూపించాను. "నీ కూరే చేశాను. రెండుసార్లు పెట్టించుకున్నాడు. నువ్వు చేసినట్టే ఉందట."

నా గొంతులోని మిడిసిపాటు నాకే వినిపించింది. ఆమె మొహం మాడుతుందేమోనని ఆశగా చూశాను. ఆమె నవ్వింది.

"కొవ్వుండేది తెచ్చినావా పాపా? గొర్రెమాంసంలో కొవ్వు ల్యాకుంటే ఆ రుచి రాదు."

"గొర్రెదని నీకెట్లా తెలుసు?"

"ఇంగేం మాంసం ఉంటాది? నేను ఏసేది గూడా అదే కదా."

నేను ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాను.

"ఏందక్కా నువ్వనేది? వాడికి పంది కూర పెట్టలేదా?"

"నువ్వు వద్దని చెప్పిపోతివి కదా బస్సు కాడ" అంది, అదేదో నిన్నటి సంగతయినట్టు. "చదువుకున్నదానివి, ఊరికే చెప్పవులే అనుకున్యా. కానీ అన్నోళ్లు తింటా ఉంటే వాడు ఏడుస్తాడు. నాకొక్కనికి లేదా అంటాడు. అందుకని వానికి వేరేగా గొర్రెమాంసం తెప్పిచ్చి, చిన్న గిన్నెలో అదే మసాలా ఏసి, ఇదీ పందేరా అని పెడ్తి. పంది కంటే గొర్రె ప్రియమని మీ బావ గూడా సణిగినాడు. సణగనీలే అన్యా. వానికి మాత్రం చెప్పగాక పాపా. పంది తిన్యానని పదిమందికి చెప్పుకున్యాడు పాపం."

స్టవ్ మీద కూర గిన్నె ఇంకా వేడిగానే ఉంది. నేను దాని పక్కన నిలబడిపోయాను.

ఆ క్షణంలో నాకు సిగ్గేసిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. సిగ్గు తర్వాత వేసింది. ముందు వచ్చింది కుళ్లే, అంతకు ముందెన్నడూ లేనంత కుళ్లు. అన్నేళ్లు వారం వారం ఆమె నా మాటను చిన్న గిన్నెలో వండి పెట్టింది. నేను వద్దన్నది కూడా ఆమె చేతుల్లో పడి ప్రేమైపోయింది. నేను గెలిచానని గంతులేసిన కూర కూడా ఆమె కూరే. కనీసం మాట తప్పి ఉంటే ఆమెను తిట్టుకోవడానికి నాకొక కారణం మిగిలేది. అదీ మిగల్చలేదు.

"ఏం పాపా, పలకవు?" అంది ఆమె.

"ఏం లేదక్కా" అన్నాను. "నేను ఇక్కడ వాడిని రోజూ దిద్దుతున్నాను. నిన్ను పెద్దమ్మ అనమని."

తెర మీద ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "పెద్దమ్మనే కదా" అంది తర్వాత. "సరిగ్గానే చెప్పినావులే."

ఆ గొంతు విన్నాక నాకు అర్థమైంది. వాడు ఇక్కడికి వచ్చిన రోజు నుంచి ఆమె కూడా నన్ను చూసి ఇలాగే మండుతోంది. ఒక్క తేడా ఏమిటంటే ఆమె నోరు విప్పలేదు.

తలుపు తోసుకుని వాడు వచ్చాడు. చేతులు ఇంకా కడుక్కోలేదు. "ఎవరు ఫోన్లో?" అన్నాడు.

పెద్దమ్మ అనడానికే నోరు తెరిచాను.

"అమ్మ" అన్నాను. "మీ అమ్మ. మాట్లాడు."

అన్నాక గుండెలో కలుక్కుమంది. ఆ నొప్పి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. వాడు మిరపకారం అంటిన వేళ్లతోనే ఫోన్ లాక్కున్నాడు. ఈసారి గది మూలకు పోలేదు. నా పక్కనే స్టవ్‌కు ఆనుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నేను రెండుసార్లు పెట్టిచ్చుకున్యా" అన్నాడు. "ఈ అమ్మకి గూడా చేసేది వచ్చింది."

నేను గిన్నె అడుగున మిగిలిన అలసందలు గీరి, వాడు మళ్లీ అడుగుతాడేమోనని ఒక చిన్న గిన్నెలోకి తీసి మూత పెట్టాను.