ట్రంకుపెట్టెల అన్న చేసిన శిరస్త్రాణాలు

నంద్యాలలో నేను తొమ్మిదో తరగతికి చరిత్ర చెబుతున్న రోజుల్లో, స్కూలు ఎగ్జిబిషన్‌లో అన్ని సబ్జెక్టుల వాళ్లూ ఏదో ఒకటి పెట్టి తీరాలని మా హెడ్మాస్టరు హుకుం జారీ చేశారు. ఎవరికీ తెలియని విషయమైతే తప్పులు పట్టేవాళ్లుండరని, నేను మధ్యయుగాల యూరప్ యోధుల శిరస్త్రాణాలు ఎంచుకున్నాను. వాటి గురించి నాకూ పెద్దగా తెలియదు.

మూడు బొమ్మలు ప్రింటు తీసుకుని, ఆళ్లగడ్డలో రేకు ట్రంకుపెట్టెలు చేసే అన్న దగ్గరికి వెళ్లాను. మొదటి బొమ్మలోది తల మొత్తం కప్పేసి, పైన బల్లపరుపుగా, కళ్ల దగ్గర సన్నటి చీలికతో ఉంది.

"ఏందప్పా ఇది, బకెట్ బోర్లించినట్టుండాది? ఊపిరి యాడ తీసుకుంటాడు?"

"కింద చిల్లులున్నాయి చూడన్నా."

సాయంత్రానికి చేసేశాడు. నా తలకు తొడిగి, చెప్పాపెట్టకుండా చెక్క సుత్తితో నడినెత్తిన ఒక్కటి వేశాడు. చెవులు గుయ్యిమన్నాయి.

"ఏం చేస్తాండావన్నా!"

"దెబ్బ యాడికీ పోకుండా ఈడనే నిలబడ్తాండాది. పైన మొన వచ్చేట్టు తీయల్ల. అప్పుడు పక్కకు జారిపోతాది."

రెండో బొమ్మ చూపించాను. అది అచ్చం ఆయన చెప్పినట్టే కోసుగా ఉంది. యూరప్ కమ్మర్లకు ఆ సంగతి తెలిసేసరికి తరాలు పట్టింది. ఈయనకు నా నెత్తి ఒక్కటి సరిపోయింది.

మూడోదానికి ముఖం మీద పైకి లేచే రేకు ఉంటుంది. దానికి ట్రంకుపెట్టె మూతకు వేసే బందులే వేశాడు. అలవాటు కొద్దీ గడ్డం కింద గొళ్లెం కూడా పెట్టాడు.

ఎగ్జిబిషన్ రోజు హెడ్మాస్టరు ముచ్చటపడి దాన్నే తొడుక్కున్నారు. రేకు దించగానే గొళ్లెం పడి బిగుసుకుంది. లోపలి నుంచి ఆయన ఏదో అరుస్తున్నారు. ఒక్క ముక్కా అర్థం కాలేదు. ప్రసంగమనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తన పనితనం చూసుకోవడానికి వచ్చిన అన్న పరుగున వెళ్లి, గొళ్లెం తెంపడానికి జేబులోని శ్రావణం తీసి పెట్టాడు.

"కదలాకు సారూ, చెవి తెగుతాది!"

హెడ్మాస్టరు ఎర్రటి మొహంతో బయటపడి నా వైపు చూశారు.

"ఎవరి ఐడియా ఇది?"

"యూరప్ వాళ్లది సార్."

ఆ తర్వాత పిల్లలంతా అన్న చుట్టూ మూగారు. ఏ వంపు ఎందుకో, లోపల గుడ్డ ఎందుకు కుట్టాలో ఆయనే చెప్పాడు. నన్నెవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కాస్త చిన్నతనంగా అనిపించింది, అంతకంటే హాయిగా అనిపించింది. కుర్చీ లాక్కుని కూర్చుని నేనూ విన్నాను.